వీపు మీద ఎంత, దారి మీద ఎంత

"ఎన్ని లీటర్లది కావాలి మేడమ్?" అని హైదరాబాదు షాపులో అబ్బాయి మర్యాదగానే అడిగాడు. నలభై, యాభై, అరవై అని చీటీలు కట్టిన వీపు సంచులు గోడంతా వేలాడుతున్నాయి. నేను కాశీకి ఒంటరిగా పోదామనుకుంటున్నాను. 1830లో కాశీకి పోయి ఆ యాత్ర మీద పుస్తకం రాసిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పట్టుకొని శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కొంత రైలు, కొంత బస్సు, వీలైన చోట నడక. ఉద్యోగమంతా మార్కాపురం, తర్లుపాడు, గిద్దలూరు బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పిన మనిషిని. ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు లీటర్లలో దొరకదని నాకు గట్టిగా అనిపించింది. దారి ఏం పెడుతుందో తెలిస్తే వీపు మీద ఏం పెట్టుకోవాలో తెలుస్తుంది. మా పడమటి ప్రకాశంలో వందల ఏళ్లుగా బరువులు మోసినవాళ్లందరూ ముందు ఆ లెక్క వేసుకొనే బయల్దేరారు.

మాకు పడమర అడ్డంగా నల్లమల ఉంది. కంభం, గిద్దలూరు వైపు నుంచి నంద్యాలకు దాటాలంటే నంది కనుమ. దోర్నాల నుంచి ఆత్మకూరుకు దాటాలంటే మంత్రాల కనుమ. 1970లో ఒంగోలు జిల్లాలో కలిసేదాకా మేము కర్నూలు జిల్లావాళ్లం. అంటే కచేరీ పనికి, కోర్టు పనికి, మంచీచెడ్డలకు కొండ దాటాల్సిందే. అటువంటి చోట మూట కట్టడం చిన్న విషయం కాదు. కనుమ ఎక్కేటప్పుడు జారిన మూటను మళ్లీ కట్టుకోవడానికి ఊరు ఉండదు, నీళ్లు ఉండవు.

రైలు రాకముందు ఈ కనుమల మీద పెద్ద బరువులన్నీ లంబాడీల ఎద్దుల మీదే నడిచాయి. కోస్తా ఉప్పు పడమటికి పోయేది, పడమటి ధాన్యం, పత్తి కోస్తాకు దిగేవి. 17వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బిడారుగా పోవడం చూశానని రాశాడు. ఒక్కో ఎద్దు మూడు వందల నుంచి మూడు వందల యాభై ఫ్రెంచి పౌన్ల బరువు మోసేదట, మన లెక్కలో సుమారు నూటయాభై నుంచి నూటడెబ్బై కిలోలు. ఆ బరువు ఎద్దు వీపుకు రెండు పక్కలా సమానంగా వేలాడాలి. ఒక గోనె ఒక మానెడు ఎక్కువైనా మధ్యాహ్నానికి ఎద్దు మూపు పుండు పడుతుంది, పుండు పడిన ఎద్దు కనుమ ఎక్కదు. అందుకే గోనె కింద మెత్త వేయడం, రెండు వైపులా తూచి నింపడం, దిగిన ప్రతిచోటా కట్లు విప్పి వీపు ఆరనివ్వడం వాళ్ల బతుకులో భాగం. మార్కాపురం, ఎర్రగొండపాలెం, దోర్నాల చుట్టుపక్కల ఇవాళ ఉన్న తండాల్లో ముసలివాళ్లతో మాట్లాడితే ఎద్దుల ముచ్చట ఇంకా వినిపిస్తుంది. ముందు నడిచే ఎద్దుకు గవ్వలు, గంటలు కట్టేవాళ్లమని చెబుతారు.

ఇక మనిషి మోసిన బరువు. ఈ వైపు మనిషి బరువు మోస్తూ దూరం నడిచింది ముఖ్యంగా శ్రీశైలానికి. 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. 1377లో అనవేమారెడ్డి మల్లికార్జునుడి గుడిలో వీరశిరోమండపం కట్టించాడు. రాజులు మెట్లు వేయించారుగానీ అడవి అడవే. దారి చూపి, దొంగల నుంచీ మృగాల నుంచీ కాపాడి దాటించినవాళ్లు చెంచులు. అందుకు యాత్రికుల దగ్గర కొంత పుచ్చుకునే హక్కు వాళ్లకు ఉండేది. పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం అని మజిలీల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉగాదికి కర్ణాటక భక్తులు వేల మంది ఆత్మకూరు వైపు నుంచి ఆ అడవిదారినే నడిచి వస్తారు.

మా అవ్వ పడుచుతనంలో శివరాత్రికి దోర్నాల మీదుగా నడిచి పోయింది. ఆమె చెప్పిన మాటల్లో దేవుడి సంగతి తక్కువ, మూటల సంగతి ఎక్కువ. ఒక ఊరివాళ్లు జట్టుగా కదిలేవాళ్లు. వంటపాత్రలు ఒకరు, బియ్యం, కొర్రలు ఒకరు, నీళ్ల కుండలు కావడి మీద ఒక మగమనిషి. ఆడవాళ్ల నెత్తిన చుట్టకుదురు, దాని మీద సద్దిమూట: సజ్జరొట్టెలు, బొరుగులు, బెల్లం. రొంటిన వక్కాకు తిత్తి, అందులోనే డబ్బులు. "యాడ నీళ్లుంటాయో తెల్సుకోని మూట కట్టాల, ఉత్త సోకుకు కడితే మెడ ఇరుగుతాది" అనేది. జట్టులో ఒక్కొక్కరూ మోసింది తక్కువ. బరువంతా పదిమందికి పంచి ఉండేది. అందువల్ల మనిషికి ఒక పెద్ద సంచి అన్న ఆలోచన ఆ కాలంలో ఎవరికీ రాలేదు, అవసరమూ పడలేదు.

కావడి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే దాన్ని మనం మోటు వస్తువుగా చూస్తాం. కావడి బద్దను ఊరికే నరికి తేరు. మోసేవాడి ఎత్తు, భుజం చూసి వెదురు ఎంచుతారు. మరీ బిర్రుగా ఉంటే భుజం చితుకుతుంది, మరీ మెత్తగా ఉంటే చిక్కాలు నేలకు తగులుతాయి. అడుగుతో పాటు బద్ద పైకీ కిందికీ ఆడాలి. 1991లో అమెరికాలో రోజర్ క్రామ్ అనే పరిశోధకుడు సాగే కర్రలకు బరువులు కట్టి మనుషుల్ని పరుగెత్తించి కొలిచాడు. ఒంట్లో శక్తి ఖర్చు తగ్గలేదుగానీ భుజం మీద పడే దెబ్బ బాగా తగ్గింది. నెత్తిబరువు మీద ఇంకో పరిశోధన 1986లో 'నేచర్' పత్రికలో వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో లువో స్త్రీలు నెత్తిన పెట్టుకొని, కికుయు స్త్రీలు నుదుటి పట్టీతో వీపున వేసుకొని తమ బరువులో అయిదో వంతు దాకా మోస్తూ నడిచినా ఉత్తచేతుల నడక కంటే శక్తి ఎక్కువ ఖర్చు కాలేదని తేలింది. చిన్నప్పటి నుంచి మోసిన మెడలు అవి. అలవాటు లేనివాళ్లు ఒక్క పూట ప్రయత్నిస్తే మెడ పట్టేస్తుంది.

వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. అక్కడి సుప్రీం కోర్టులో దుబాసీ, గొప్ప ఉద్యోగం. వెంట దాదాపు నూరుమంది. పల్లకీ బోయీలు, సామాన్లు మోసేవాళ్లు, డేరాలు, బంధువులు, నౌకర్లు. ఆయన కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పోయాడు. అంటే మా కొండకు అవతలి వైపు నడిచాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రను 1838లో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అచ్చు వేయించాడు. నేను పిల్లలకు ఆ పుస్తకం గురించి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "అంతమంది ఎందుకు టీచర్?" అని అడిగేవారు. ఎందుకంటే ఊరు లేని చోట రాత్రి దిగాలి. ఆ రాత్రికి కావాల్సిన ఇల్లూ, వంటా, కాపలా అంతా మోసుకొని పోవాలి. నూరుమంది కలిస్తేగానీ ఒక మనిషి ప్రయాణానికి సరిపోయే సంచి కాలేదు. ఇవాళ నేను ఒక్కదాన్ని ఒక్క సంచితో అదే దారిన పోగలనంటే, ఆ నూరుమంది మోసిన బరువును రైలు, హోటల్, ఫోను, పోలీసు, ఏటీఎం మోస్తున్నాయి కాబట్టే.

ఆ రోజుల్లో కూడా ఒంటరిగా నడిచినవాళ్లు లేకపోలేదు. జంగందేవర, బైరాగి, సన్యాసి. భుజాన జోలె, చేతిలో సొరబుర్ర, అంతే. ఆ జోలె అంత చిన్నదిగా ఉండడానికి వాళ్ల వైరాగ్యం ఒక్కటే కారణం కాదు. ఊరు పెట్టేది. శ్రీశైలంలో ఘంటామఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, భీమశంకర మఠం, సారంగధర మఠం అని పంచమఠాలు నిలబడింది ఇందుకే: వచ్చిన జంగానికి తిండి, పడక. తర్వాతి కాలంలో స్తోమతున్న కులాలకు తలా ఒక సత్రం వచ్చింది. బ్రాహ్మణుల కరివెనవారి నిత్యాన్నదాన సత్రం శ్రీశైలంలోనూ ఉంది, కాశీలోనూ ఉంది. ఆ దారిలో నడిచే బ్రాహ్మణుడు ఒక ధోవతి, ఒక చెంబుతో కాశీదాకా పోగలిగాడంటే ఆశ్చర్యం లేదు.

మరి మాల, మాదిగ యాత్రికుడు? అతనికి సత్రం అరుగు లేదు, బావి లేదు, వడ్డన లేదు. తిండి, నీళ్ల కుండ, పరుచుకోవడానికి గోనెపట్టా అన్నీ తన వీపు మీదే ఉండాలి. ఒకే దారి, ఒకే దూరం, ఒకే దేవుడు. ఒకరి మూట అరచెయ్యంత, ఇంకొకరి మూట గంపెడు. బడిలో అంటరానితనం పాఠం చెప్పినప్పుడు చట్టం పేర్లు, సంవత్సరాలు చెప్పేదాన్ని. ఇప్పుడు మళ్లీ చెప్పమంటే రెండు మూటలు తెచ్చి బల్ల మీద పెడతాను. పిల్లల్ని ఎత్తి చూడమంటాను.

మా వైపు మూటల తీరు మార్చింది రైలు. గుంతకల్లు నుంచి బెజవాడకు సదరన్ మహరాట్టా రైల్వే మీటర్‌గేజి దారి 1880ల్లో మొదలై 1890 ప్రాంతానికి నల్లమలను దాటింది. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట, గిద్దలూరు. మధ్యలో బోగద సొరంగం, దొరబావి వంతెన. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు పాత దొరబావి వంతెనను వదిలేసి వేరే దారి వేశారు. మా నాయన తరం రేకు పెట్టె, హోల్డాల్‌తో ప్రయాణించింది. ఆ రేకు పెట్టెను ఎవరూ వంద గజాలు మోయలేరు, మోయాల్సిన పనీ లేదు. ఇంటి నుంచి స్టేషన్‌దాకా బండి, స్టేషన్‌లో ఎర్రచొక్కా హమాలీ, ఆ తర్వాత రైలు. సంచులు, పెట్టెలు తయారుచేసేవాళ్లు మనిషి ఒంటిని మరిచిపోయింది ఆ కాలంలోనే. మూలలు పొడుచుకొచ్చాయి, పట్టుకునేందుకు ఒక్క చెవి మిగిలింది.

రైలు అందరికీ హమాలీని ఇవ్వలేదు. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు మెట్టభూముల్లో వాన తప్పిన ఏడు వలసబోయే కుటుంబాలను మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో ఎవరైనా చూడవచ్చు. గుంటూరు మిరపకోతలకు, హైదరాబాదు, బెంగళూరు కట్టడాల పనికి. ప్లాస్టిక్ గోతాల్లో బియ్యం, గిన్నెలు, స్టవ్వు, పరుపుచుట్ట, పిల్లల పుస్తకాలు. వాళ్లకు బరువు దించుకోవడం తెలియక కాదు. పోయే చోట మొదటి వారం ఎవరూ ఏమీ ఇవ్వరు, అప్పు కూడా పుట్టదు. కాబట్టి ఇల్లంతా గోతాంలోకి ఎక్కుతుంది. ఆ గోతానికి మెడ దగ్గర తాడు బిగించి, తాడు కొస భుజం మీదుగా తెచ్చి చంక కింద కట్టే ఒక ముడి ఉంది. దాన్ని మా విద్యార్థుల తల్లులు వేస్తుండగా చూశాను. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఒక చేతికి బిడ్డ. షాపులో ఏ సంచికీ లేని తెలివి ఆ ముడిలో ఉంది.

మార్కాపురం పేరు చెప్పగానే పలక గుర్తొస్తుంది కాబట్టి బడిసంచి మాట కూడా చెప్పాలి. మా గనుల్లో రాయి తీసి, పొరలుగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క బద్దలు బిగించి దేశమంతా పంపారు. ఆ పలక ఒక్కటే తెలుగు, లెక్కలు, బొమ్మలు అన్నీ. సాయంత్రానికి తుడిస్తే మళ్లీ ఖాళీ. ఒకటో తరగతిలో ఎంత బరువో అయిదులోనూ అంతే. నోటుపుస్తకాలు వచ్చాక మా మార్కాపురం కార్ఖానాలు మూతబడడం ఒక నష్టం, పిల్లల వీపు వంగడం ఇంకో నష్టం. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో లేచి మాట్లాడింది ఈ బడిసంచి గురించే. దాని వెంట యశ్‌పాల్ కమిటీ వేశారు, 1993లో నివేదిక వచ్చింది. 2020 నాటి జాతీయ విధానం బడిసంచి పిల్లవాడి బరువులో పదో వంతు మించకూడదంది. నా తరగతి పిల్లల్ని బడి తూకంయంత్రం మీద సంచితోనూ, సంచి లేకుండానూ నిలబెట్టి చూసేదాన్ని. పదో వంతు లోపల ఉన్న సంచి ఏదంటే, పుస్తకాలు కొనలేని పిల్లదే.

ఇప్పుడు వీపు సంచి దగ్గరికి వస్తాను. నార్వేలో ఓలే బెర్గన్ 1908-09 ప్రాంతంలో వీపు వంపును అనుసరించే చట్రం బిగించి సంచి చేశాడు. అంతకు ముందు సంచి వెనక్కి లాగేది, మనిషి ముందుకు వంగేవాడు. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ, భార్య నీనా కలిసి అల్యూమినియం చట్రంతో సంచులు కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. కెల్టీ కొండలెక్కేటప్పుడు చట్రం కొసలను ప్యాంటు వెనకజేబుల్లో దోపి చూశాడని, భుజాల మీద బరువు ఒక్కసారిగా దిగిపోయిందని చెబుతారు. ఆయన సంచులకు నడుం పట్టీ అక్కడి నుంచి వచ్చింది. ఆ కథ చదివినప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లే కళ్లముందు మెదిలారు. ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం మైలు దూరం పోయి బిందెను చంకన పెట్టుకొని వచ్చేవాళ్లు. ఆ బిందె నిలబడేది చేతి మీద కాదు, నడుం పక్క ఎముక మీద. ఆ ఎముక కిందనే కాళ్లు. మెడకూ వీపుకూ పని చెప్పకుండా బరువు నేరుగా నేలకు దిగుతుంది.

కాబట్టి సంచి కొనేటప్పుడు నేను లీటర్లు చూడలేదు, ముందు టేపు తీయించాను. తల వంచితే మెడ మొదట్లో పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది. రెండు చేతులూ నడుం ఎముకల పైఅంచున ఆనిస్తే బొటనవేళ్లు వెనక ఒక గీత మీద కలుస్తాయి. ఆ ఎముక నుంచి ఈ గీతదాకా ఉన్న దూరమే సంచి వీపు పొడవు. మనిషి పొడవుకూ దీనికీ సంబంధం తక్కువ. నాకు పదిహేను అంగుళాలు వచ్చింది. షాపులో మొదట చూపించిన సంచులు పద్దెనిమిదికి పైగా ఉన్నాయి. అవి వేసుకుంటే నడుం పట్టీ పిరుదుల మీదికి జారింది, బరువంతా భుజాలకు ఎక్కింది. "అందరూ ఇదే తీసుకుంటారు మేడమ్" అన్నాడు. అందరి వీపూ నాది కాదు కదా నాయనా, ఇంకోటి తియ్యి అన్నాను. ఓపికగానే తీశాడు. ఆడవాళ్ల కొలతకు కుట్టినవి లోపల గదిలో ఉన్నాయి. భుజం పట్టీలు దగ్గరగా, రొమ్ముకు అడ్డం రాకుండా వంపు తిరిగి ఉంటాయి. అవి ముందు ఎందుకు పెట్టరని అడిగితే అతని దగ్గర జవాబు లేదు.

సంచిని ఖాళీగా వేసుకొని అద్దంలో చూసుకోకూడదు. ఇసుక మూటలు వేయించి ఏడు కిలోలు చేయించాను. షాపు మెట్లు ఎక్కి దిగాను. ముందు నడుం పట్టీ ఎముక మీద బిగించాలి, తర్వాత భుజం పట్టీలు, చివర రొమ్ముపట్టీ. ఈ వరస తిరగబడితే ఎంత ఖరీదు సంచైనా గోతామే. భుజం పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పైన భుజం నుంచి సంచిమీదికి పోయే చిన్న పట్టీని లాగితే బరువు వీపుకు దగ్గరకు రావాలి. లోపల సర్దడంలో కూడా లంబాడీ లెక్కే: బరువైనది వీపును ఆనుకొని మధ్యలో, రెండు పక్కలా సమానం. ఒక పక్క నీళ్ల సీసా ఉంటే రెండో పక్క దానికి సరితూగేది ఉండాలి. నా ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది చెప్పారు. నా వయసుకు ఏడో వంతు చాలనుకున్నాను.

గిద్దలూరు తిరిగి వచ్చాక నడుం పట్టీ కొస మరీ పొడవుగా వేలాడుతుంటే, సీటు కవర్లు కుట్టే దర్జీ దగ్గరికి తీసుకుపోయాను. అతను పట్టీని వేళ్ల మధ్య నలిపి, "టీచరమ్మా, దీన్ని కొయ్యొద్దు, మడిచి కుడతా. రేపు చలికి స్వెట్టర్ మీద వేసుకుంటే మళ్లా పొడుగు కావాల గదా" అన్నాడు. రోజూ బరువులు మోసేవాళ్లకు కుట్టే మనిషి ఆలోచన అది.

ఇక లోపల ఏముండాలి అన్న ప్రశ్న. దారి ఇచ్చేవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. బియ్యం వద్దు, స్టవ్వు వద్దు. కాశీలో ఆంధ్రాశ్రమం ఉంది, కరివెనవారు ఉన్నారు, నాగపూరులో రైల్వే వెయిటింగ్ రూము ఉంది. రెండు జతల బట్టలు, మందులు, ఫోను ఛార్జరు, చిన్న చాకు, వీరాస్వామయ్య పుస్తకం. ఇదంతా ముప్పై లీటర్లలో పడుతుంది.

నేను కొన్నది నలభై. ఆ పది లీటర్లకు ఒక కారణముంది. పోయిన ఏడు ఒక పుణ్యక్షేత్రంలో సాయంత్రం పొద్దుగూకాక సత్రం కిటికీ దగ్గర నిలబడ్డాను. గదులున్నాయి. "ఒక్కరేనా? ఆడవాళ్లొక్కరికే ఇవ్వమమ్మా, ఇంట్లోవాళ్లను ఎవర్నైనా తోడు తెచ్చుకోండి" అన్నారు. ఆధార్ చూపించాను, పెన్షన్ కార్డు చూపించాను, వినలేదు. ఆ రాత్రి స్టేషన్ బెంచీ మీద గడిచింది. ఇటువంటి జవాబు నాకే కాదు, ఒంటరిగా యాత్రకు పోయిన ఆడవాళ్లు చాలామంది విన్నదే. అందుకని సంచి అడుగున ఒక పలుచటి దుప్పటి, మడత దోమతెర, గాలి ఊదుకునే దిండు, తలుపుకు లోపల వేసుకునే చిన్న గొళ్లెం పెట్టాను. ఈ నాలుగూ కలిపి కిలోన్నర తూగాయి. గది ఇస్తే వీటిలో గొళ్లెం తప్ప ఒక్కటీ అక్కర్లేదు. దసరా వెళ్లాక గిద్దలూరులో నంద్యాల బండి ఎక్కుతున్నాను, కిలోన్నరతో సహా.